మిరప చేలో ఆదివారం

సంక్రాంతి దాటాక కర్నూలు జిల్లా కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు పల్లెల్లో చాలా ఇళ్ళకు తాళాలు కనిపిస్తాయి. వానలు మొహం చాటేసిన ఏడు అవి ఇంకా ముందే పడతాయి. జనం సుగ్గికి, అంటే కూలి వలసకు, పోయారంటారు. ఎక్కువమంది పోయేది గుంటూరు వైపు, మిరప కోతలకు. కూలి కిలోల లెక్క కాబట్టి చెయ్యి ఆగితే డబ్బూ ఆగుతుంది. నాలుగు రోజులకే వేళ్ళు మండిపోతాయి. ఆ చేత్తో కళ్ళు నులుముకున్నవాళ్ళ పాట్లు చెప్పనక్కర్లేదు. రాత్రికి చేని పక్కన పట్టా కప్పిన గుడిసే ఇల్లు. వాళ్ళలోని క్రైస్తవులకు ఆదివారమూ కోతరోజే. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం కూడా ఈ కోతల్లోనే పడుతుంది. ఇక ప్రార్థనంటే పొద్దుగూకాక, ఎసరు మరుగుతుండగా, సెల్‌ఫోను వెలుగులో.

ఇలాంటివాళ్ళకు ప్రభువులో విశ్రాంతి ఉందని చెప్పడం సులువే. మత్తయి సువార్త 11వ అధ్యాయం ఏ బోధకుణ్ణి అడిగినా ఒప్పజెబుతాడు. అలసినవాళ్ళను పిలిచి విశ్రాంతి ఇస్తానన్న యేసు, ఆ వెంటనే తన కాడి ఎత్తుకోమంటాడు. మంచం వాల్చి పడుకోమనలేదు. సేద్యం ఎరిగిన సీమ మనిషికి ఇందులో వింతేమీ లేదు: జోడెద్దు సరైనదైతే బరువు సగం దిగుతుంది. చేసే పనిలో తాను ఒంటరి కాదన్న నమ్మకం, ఆ పనికి దేవుడి దగ్గర విలువ ఉందన్న నమ్మకం మనిషిని నిజంగానే సేదదీరుస్తాయి. దీన్ని మత్తుమందని కొట్టిపారేసేవాళ్ళు ఆ రాత్రి ప్రార్థనల్లో ఒక్కసారీ కూర్చుని ఉండరు.

అయితే ఆ మాట చెప్పేవాడు ఏం చేస్తున్నాడన్నది కూడా చూడాలి. 1876-78 నాటి ధాత కరువులో కర్నూలు, కడప జిల్లాలు వల్లకాడయ్యాయి. 1877లో బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగమనిషి కూలిని రోజుకు ఒక పౌను ధాన్యానికి, పైన కొద్ది చిల్లరకు తగ్గించాడు. ఒక పౌనంటే సుమారు 450 గ్రాములు! అదే కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉన్న కంభం, మార్కాపురం తాలూకాలూ ఆయన తిరిగిన ప్రాంతాలే. బోధకులే మేస్త్రీలు. తవ్వి తవ్వి కూలబడ్డవాళ్ళ పక్కన కూర్చుని ఆ బోధకులు మళ్ళీ మళ్ళీ చెప్పింది మత్తయిలోని ఆ విశ్రాంతి మాటేనని క్లౌ తన జ్ఞాపకాల్లో రాశాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సడలాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ జనం నోట మట్టి కొట్టి అదే వాక్యం చెప్పి ఉంటే ఎవరు వినేవారు?

పనిలోనే విశ్రాంతి అన్నదానికి ఇంకో సాక్షీ ఉన్నాడు. 17వ శతాబ్దిలో పారిస్ మఠంలో వంటపని చేసిన బ్రదర్ లారెన్స్ గిన్నెల చప్పుడు మధ్యనే దేవుడి సన్నిధి దొరికిందన్నాడు. గొప్ప మాటే. కాకపోతే ఆయనకు తలదాచుకోను మఠం ఉంది.

సంఘాలు ఎక్కువగా దాటేసే సంగతి ఒకటుంది. పది ఆజ్ఞల్లోని విశ్రాంతిదినం యజమాని ఒక్కడిది కాదు. దాసుడికి, దాసికి, ఎద్దుకు, గాడిదకు కూడా అని ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయం పేరుపేరునా చెబుతుంది. మీరూ ఐగుప్తులో దాసులే కదా అని కారణమూ చూపుతుంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కూడా పనిచోట తాగునీరు, నీడ, విశ్రాంతి వేళలు ఉండాలని రాసింది. బేతంచెర్ల, ఎర్రగుంట్ల రాళ్ళ పనుల్లో దుమ్ము మింగే కూలీకి ఆదివారం సెలవు ఇచ్చేదీ లేనిదీ, గుడిలో ముందు వరుసలో కూర్చునే యజమానిని అడిగే పాస్టరు ఎంతమంది?

సుగ్గికి పోయిన కుటుంబాలు ఏ ఊళ్ళో ఉన్నాయో ఊరి సంఘానికి తెలుసు. కోత పండుగకు సొరకాయలూ కోళ్ళూ వేలం వేసి కానుక పోగుచేసే పద్ధతీ ఉంది. ఆ డబ్బులో కొంత తీసి, శ్రమకాలంలో ఒక్క పాస్టరైనా గుంటూరు చేలకు పోవాలి. ఆదివారం సగంపూట వదలమని రైతుతో, మేస్త్రీతో మాట్లాడాలి. ఆ పూట కూలి నష్టం ఎవరు భరించాలన్నది కూడా సంఘం కూర్చుని తేల్చాల్సిన లెక్కే.