అమ్మబోతే అడివి, కొనబోతే కొరివి: రైతింటి కిరాణం లెక్క



ఇంటి ఖర్చు ఎట్లా తగ్గించుకోవాలో చెప్పేవాళ్లు ఈ మధ్య ఎక్కువైపోయారు. సామాన్ల చీటీ ముందే రాసుకోవాలట. ఆఫర్ ఉన్నప్పుడు పెద్ద షాపులో నెల సరుకు ఒకేసారి కొనాలట. ఆకలి మీద బజారుకు పోకూడదట. నెలకోసారి జీతం చేతికొచ్చే ఇంటికి ఈ సలహాలు పనికొస్తాయేమో. మన ఇంట్లో పైసలు పంట వచ్చినప్పుడే వస్తాయి. మిగతా నెలలన్నీ కిరాణం షాపులో ఉద్దెర ఖాతాయే దిక్కు. ఉద్దెరకు తెచ్చుకునేవాడు ధర అడగలేడు, తూకం అడగలేడు, పురుగుపట్టిన పప్పు ఇస్తే తిరిగివ్వలేడు. అట్లాంటివాడికి ఆఫర్ల ముచ్చట ఎందుకు?

అసలు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. తిండిగింజ పండించే ఇల్లు తిండి సరుకు కొనుక్కోవడానికి అప్పు ఎందుకు పడుతోంది? ఈ ప్రశ్నను వంటింటికి వదిలేసి, మన సంఘం మద్దతు ధర, కరెంటు, రుణమాఫీ గురించి మాత్రమే మాట్లాడితే సగం కొట్లాటే చేసినట్టు.

ముందు లెక్క చూద్దాం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. ఒక మనిషికి రోజుకు ధాన్యాలు 250 గ్రాములు చాలంది. పప్పులు, గుడ్లు, మాంసం కలిపి 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలతో కలిపి 400 గ్రాములు, నూనె 27 గ్రాములకు మించకుండా తీసుకోవాలని చెప్పింది. ఐదుగురున్న ఇంటికి నెలకు కట్టి చూడండి. పిల్లలకు కొంత తక్కువ, కష్టం చేసేవాళ్లకు కొంత ఎక్కువ పట్టినా మొత్తం మీద ధాన్యం 37 కిలోలు, పప్పు 12 కిలోల పైన, కూరగాయలు 60 కిలోలు, నూనె 4 కిలోలు అవుతుంది. మన ఇళ్లలో గుడ్డు, మాంసం రోజూ ఉండవు కాబట్టి ఆ 12 కిలోలు ఎక్కువగా పప్పుతోనే తీరాలి.

ఇప్పుడు తెలంగాణ రేషన్ చూడండి. 2025 ఉగాది నుంచి మనిషికి 6 కిలోల చొప్పున సన్నబియ్యం ఇస్తున్నారు. ఐదుగురికి 30 కిలోలు. మంచిదే, కాదనం. ధాన్యం లెక్క దాదాపు తీరింది. కానీ పప్పు లెక్కలో వచ్చేది సున్నా. కూరగాయల లెక్కలో సున్నా. పప్పు కిలో 120 అనుకున్నా, కూరగాయలు కిలో 40 అనుకున్నా, ఈ రెండింటికే నెలకు 4,000 దాకా కావాలి. ఏ రైతు ఇల్లు, ఏ కూలి ఇల్లు నెలకు అంత పెడుతోంది? మన ఊళ్లో ఎన్ని ఇళ్లు నెలకు 12 కిలోల పప్పు తెచ్చుకుంటున్నాయో మీరే చెప్పండి. రెండు, మూడు కిలోలతో సరిపెడుతున్నారు. కొన్న పప్పు నీళ్లలో పలుచనవుతుంది. బియ్యం దొరుకుతుంది కాబట్టి అన్నం ఎక్కువ, కూర తక్కువ.

దీన్నే పొదుపు అంటున్నారు. ఈ పొదుపు ఎక్కడి నుంచి వస్తోంది? అందరికీ పెట్టి చివరన తినే ఆడమనిషి గిన్నెలో నుంచి వస్తోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. తెలంగాణలో ఐదేళ్లలోపు పసిపిల్లల్లో 70 శాతం. నాట్లు వేసేది, కలుపు తీసేది, పత్తి ఏరేది ఈ ఆడవాళ్లే. ఖాతాలో తగ్గించిన రూపాయిని మనం వాళ్ల ఒంట్లోని రక్తం నుంచి తీస్తున్నాం. కిరాణం ఖర్చు తగ్గించడమంటే తిండి తగ్గించడం అని ఎవరు చెప్పినా మనం ఒప్పుకోవద్దు.

మరి తిండి తగ్గకుండా ఖర్చు ఎట్లా తగ్గుతుంది? మూడు చోట్ల తగ్గుతుంది: మన పొలంలో, మన ఊళ్లో, రేషన్ షాపులో.

పొలం సంగతి. కందులు జనవరిలో క్వింటాళ్ల లెక్కన అమ్ముతాం, అప్పుడు ధర పడిపోయి ఉంటుంది. అదే పప్పును వానకాలంలో కిలోల లెక్కన కొంటాం, అప్పుడు ధర ఎక్కి ఉంటుంది. మధ్యలో తరుగు, హమాలీ, అడ్తి, మిల్లు, లారీ, షాపు అందరూ తలా ఇంత తీసుకుంటారు. క్వింటాల్ కందులకు సుమారు 70 కిలోల పప్పు వస్తుంది. క్వింటాల్ 6,500కు అమ్ముకున్న రైతుకు కిలో పప్పు 93 రూపాయలకు పోయినట్టు. అతనే దాన్ని 120 పెట్టి కొంటాడు. పైగా ఇంట్లో పట్టించుకుంటే పశువులకు మిగిలే పొట్టు, నూక కూడా పోయాయి. ఐదుగురున్న ఇంటికి ఏడాదికి సరిపోయే పప్పుకు కావలసింది రెండు క్వింటాళ్ల పైచిలుకు గింజలు. అన్నీ కందులే కానక్కర్లేదు. పెసర్లు, బబ్బెర్లు, అనుములు, ఉలువలు కలిపి వేసుకోవచ్చు. అందుకే అమ్మకానికి బండి కట్టకముందే ఇంటి గింజ పక్కకు తీయాలి. మన పెద్దలు కందులకు ఎర్రమట్టి పట్టించి, ఎండబెట్టి, వేపాకు వేసి గుమ్మిలో పోసేవాళ్లు. అప్పుల వాళ్లు వాకిట్లో నిలబడ్డా ఆ గింజ ముట్టుకునేవాళ్లు కాదు.

పత్తి రైతులు వెంటనే అడుగుతారు: "పత్తి తీసేసి పప్పు వేస్తే అప్పు ఎట్లా తీరుతుంది?" పత్తి మొత్తం తీసేయమని ఎవరూ అనడం లేదు. ఆరు సాళ్ల పత్తికి ఒక సాలు కంది వేయడం మనకు కొత్త కాదు. చుట్టూ నాలుగు సాళ్లు జొన్న, మధ్యమధ్య బెండ, ఆముదం వేస్తే పురుగు వాటి మీదికి పోతుందని వ్యవసాయ శాస్త్రవేత్తలే చెప్తారు. ఆ బెండకాయ కూరకు వస్తుంది. ఒడ్ల మీద పుంటికూర, బబ్బెర, నువ్వులు వేయవచ్చు. పెరట్లో, బోరు దగ్గర బీర, సొర, కాకర, చిక్కుడు, టమాట, పాలకూర, ఒక మునగ చెట్టు పెట్టుకోవచ్చు. నెలకు 60 కిలోల కూరగాయల్లో సగం ఇక్కడే దొరికినా, కిలో 40 లెక్కన 1,200 మిగిలింది. అమ్ముకుని సంపాదించే 1,200 కంటే ఇది పెద్దది. దీనికి తరుగు లేదు, హమాలీ లేదు, అడ్తి లేదు.

గడ్డిమందు సంగతి కూడా చెప్పాలి. కలుపు తీసే ఆడవాళ్లు ఒడిలో గంగవాయిలి, దొగ్గలి, పొన్నగంటి, తుమ్మికూర తెచ్చేవాళ్లు. పైసా ఖర్చు లేని ఆకుకూర అది. గడ్డిమందు కొట్టిన పొలంలో ఆ కూర లేదు, ఉన్నా తినడానికి పనికిరాదు. మందు డబ్బాకు ఒకసారి పైసలు పెట్టి, చచ్చిపోయిన కూరకు బదులు మార్కెట్లో ఇంకోసారి పైసలు పెడుతున్నాం.

ఇంకో చిన్న లెక్క. పిల్లలకు కొనిచ్చే పది రూపాయల చిప్స్ పాకెట్ మీద బరువు చదవండి. 25 గ్రాములుంటే కిలో 400 పడుతుంది. ఆ ధరకు కిలో పల్లీలు కొని, బెల్లం పెట్టి ముద్దలు చేసినా పైసలు మిగులుతాయి. బబ్బెర గుడాలు, ఉడికించిన పల్లీలు పేదరికానికి గుర్తనీ పాకెట్ గొప్పదనీ మన పిల్లలకు ఎవరు నేర్పారు? మన జొన్నలు, కొర్రలు పట్నంలో రంగుల పాకెట్లోకి పోయి ఆరోగ్యాహారం అవుతున్నాయి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఊళ్లలో మాత్రం వాటిని దంచి బియ్యం చేసే మర లేక పండించడమే మానేశారు.

ఇక ఊరి సంగతి. ఒక్కొక్కరం పావుకిలో, అరకిలో కొంటే షాపువాడు చెప్పిందే ధర. పది ఇళ్లు కలిస్తే చింతపండు, మిరపకాయలు, ఉల్లిగడ్డ పంట వచ్చినప్పుడు బస్తాల లెక్కన తెచ్చుకుని పంచుకోవచ్చు. మహిళా సంఘాలకు పొదుపు ఉంది, అప్పు ఉంది. ఆ అప్పులో ఒక భాగంతో ఊరికో చిన్న పప్పు మిల్లు, చిరుధాన్యాల మర పెట్టుకుంటే పప్పు బయటి మిల్లుకు పోయి తిరిగి రావాల్సిన పని లేదు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని పేద దళిత మహిళలు 1990లలోనే పడావు భూములు సాగులోకి తెచ్చి, జొన్నలు ఊళ్లోనే సేకరించి, ఊళ్లోని పేదలకే తక్కువ ధరకు పంచే పద్ధతి నడిపారు. ఒకే చేనులో పది ఇరవై రకాల పంటలు కలిపి పండించారు. 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. బంజరు చెలకల్లో వాళ్లు చేసింది మనం చేయలేమా?

అయితే ఇదంతా రైతు తెలివి మీద, ఆడవాళ్ల కష్టం మీద వదిలేస్తే అన్యాయమే. భూమి లేని కూలి ఏ ఒడ్డు మీద పుంటికూర వేస్తాడు? కౌలు రైతు కట్టాల్సిన కౌలు చూసుకుంటాడా, కంది సాలు చూసుకుంటాడా? కోతులు, అడవిపందులు పడి ఊళ్లకు ఊళ్లు కూరగాయలు, పల్లీలు వేయడం మానేశాయి. ఇంటి పెరట్లో కాయ మిగలనివ్వని కోతికి మనమెక్కడ కాపలా కాయగలం? ఇక్కడే ప్రభుత్వ బాధ్యత మొదలవుతుంది.

ప్రభుత్వం ఏం చేస్తోంది? ధరలు తగ్గించడానికని 2021 మే నుంచి కందుల దిగుమతికి ఆంక్షలు లేకుండా దారి తెరిచి, గడువు పొడిగిస్తూ వచ్చింది. మయన్మార్, మొజాంబిక్, టాంజానియాల నుంచి కందులు దిగుతున్నాయి. 2023 డిసెంబరులో పసుపు బఠాణీకి కూడా సుంకం ఎత్తేసింది. 2025 మే నెలాఖరులో ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద మూల సుంకాన్ని 20 శాతం నుంచి 10కి దించింది. వినియోగదారుడి కోసమే అంటారు. ఆ వినియోగదారుల్లో మనమూ ఉన్నాం కదా! మన కిరాణం బిల్లును చూపించి మన పంట ధర పడగొడుతున్నారు. పంట ధర పడ్డ ఊళ్లో బిల్లు కట్టే శక్తి ఎక్కడిది? 2025-26కు కందులకు మద్దతు ధర 8,000, సంకర జొన్నకు 3,699 ప్రకటించారు. కొనే కాంటా లేకపోతే ఆ అంకె గోడ మీద రాతే.

కావాలనుకుంటే చేయవచ్చని చూపించినవాళ్లున్నారు. తమిళనాడులో 2007 నుంచి రేషన్ షాపుల్లో కందిపప్పు, పామాయిల్ సబ్సిడీ ధరకు ఇస్తున్నారు. కర్ణాటక రేషన్‌లో రాగులు, జొన్నలు ఇచ్చింది. మన ఉమ్మడి రాష్ట్రంలోనే 2013లో అమ్మహస్తం పేరుతో 185 రూపాయలకు కందిపప్పు, నూనె, చింతపండు, కారం, పసుపుతో సహా 9 సరుకులు ఇచ్చారు. నాణ్యత మీద విమర్శలొచ్చినా పప్పు రేషన్ షాపు గడప తొక్కింది. రాష్ట్రాలు రెండయ్యాక దాన్ని ఎత్తేశారు. 2013 ఆహార భద్రత చట్టంలో ముతక ధాన్యాలు కూడా ఉన్నాయి. 2025 బడ్జెట్‌లో కంది, మినుము, మసూర్‌లను నాలుగేళ్లపాటు రైతులు ఎంత తెస్తే అంత కొంటామని కేంద్రం చెప్పింది. అయితే కొనండి. కొన్నదాన్ని ఆ జిల్లాలోనే పప్పు చేయించి, ఆ జిల్లా రేషన్ షాపుకు, అంగన్‌వాడీకి, హాస్టల్‌కు ఇవ్వండి. రైతుకు ధర వస్తుంది, కూలి ఇంట్లో పప్పు ఉడుకుతుంది.

మన డిమాండ్లు ఇవి:

1. ప్రతి రేషన్ కార్డుకు నెలకు కనీసం 3 కిలోల పప్పు, 2 లీటర్ల మంచినూనె సబ్సిడీ ధరకు ఇవ్వాలి. బియ్యంలో కొంత భాగానికి బదులు జొన్నలు కోరుకునే హక్కు ఉండాలి.

2. కంది, పెసర, జొన్నలకు పంట కోతకు ముందే మండలానికో కొనుగోలు కేంద్రం తెరవాలి. మన పంట మార్కెట్‌కు వచ్చే నెలల్లో సుంకం లేని దిగుమతులు ఆపాలి.

3. మహిళా సంఘాలకు పప్పు మిల్లు, చిరుధాన్యాల మర పెట్టుకోవడానికి పూర్తి సబ్సిడీ ఇవ్వాలి.

4. కోతులు, అడవిపందుల నష్టానికి పరిహారం ఇవ్వాలి. వాటిని అదుపు చేసే పని పంచాయతీల నెత్తిన వేసి చేతులు దులుపుకోవద్దు.

5. కౌలు రైతులకు, భూమి లేని కూలి కుటుంబాలకు కూరగాయల విత్తనాలు, పెరటి సాగుకు ఊరి ఉమ్మడి స్థలం ఇవ్వాలి.

వచ్చే నెల గ్రామ కమిటీ సమావేశానికి ప్రతి సభ్యుడూ తన ఇంటి మూడు నెలల కిరాణం ఖాతా పుస్తకం తీసుకురావాలి. ఇంటి ఆడవాళ్లు కూడా రావాలి, ఆ లెక్క వాళ్లకే తెలుసు. అందులో మన పొలంలో పండేదెంత, ఊళ్లో దొరికేదెంత, రేషన్‌లో రావాల్సిందెంత అని మూడు కాలమ్‌లు గీసి రాద్దాం. ఊరి మొత్తం లెక్క కూడి ఆ కాగితాన్నే తహసీల్దార్ బల్ల మీద పెడదాం.