కూరగాయల అంగడి మన కాలనీకి రావాలి



2023 ఫిబ్రవరిలో బార్షీ తాలూకా రైతు ఒకతను మన సోలాపూర్ మార్కెట్ యార్డుకు 512 కిలోల ఉల్లిగడ్డ తెచ్చాడు. కిలోకు రూపాయి ధర కట్టారు. బండి కిరాయి, హమాలీ, కాంటా ఖర్చులు పోను అతనికి మిగిలింది 2 రూపాయల 49 పైసలు. చేతికి ఇచ్చింది రెండు రూపాయల చెక్కు. అది కూడా పదిహేను రోజుల తర్వాత మారే చెక్కు! దేశమంతా పత్రికలు రాశాయి. అందరూ అయ్యో అన్నారు. మేము అడిగేది వేరే మాట. ఆ వారం మన గల్లీల్లో రూపాయికి కిలో ఉల్లిగడ్డ అమ్మిన బండి ఎవరికైనా కనిపించిందా?

పండించినవాడికి గిట్టలేదు, తినేవాడికి చవక కాలేదు. దీనికి దళారీ ఒక్కణ్ణే తిట్టి ఊరుకుంటే లాభం లేదు. లారీ కిరాయి ఉంది, అడ్తి ఉంది, దారిలో కుళ్ళిపోయే సరుకు ఉంది. హమాలీ మనలాంటి కార్మికుడే, అతని కూలి అతనికి రావాలి. గల్లీలో గంప దించే అమ్మ పొద్దున్నే వడ్డీకి తెచ్చి సరుకు కొంటుంది, సాయంత్రానికి అసలూ వడ్డీ కట్టాలి. ఆమె రేటు పెంచకుండా ఎట్లా అమ్ముతుంది? సరుకు ఎన్ని చేతులు మారితే అంత బరువు వచ్చి చివరికి మన చీటీ మీద పడుతుంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలి. అందులో ఆకుకూరలూ ఉండాలి. పండ్లు వేరే. ఐదుగురున్న ఇంటికి లెక్క వేయండి: రోజుకు 2 కిలోలు, వారానికి 14 కిలోలు. సాంచల మీద పన్నెండు గంటలు నిలబడేవాళ్ళ ఇంట్లో, బీడీలు చుట్టే ఆడవాళ్ళ ఇంట్లో వారానికి ఎన్ని కిలోలు వస్తున్నాయో ఎవరికి వారే చూసుకోండి. రొట్టె మీదికి కారం, పల్లీల పొడి, ఉల్లిగడ్డ ముక్క. కడుపు నిండుతుంది, ఒంటికి మాత్రం రక్తం పట్టదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కూర తక్కువ కావడం ఒక్కటే దానికి కారణం కాదు. కాని కారణాల్లో అది ఒకటి.

మిల్లుల కాలంలో ఈ సంగతి చట్టానికైనా తెలుసు. 250 మందికి పైగా పనిచేసే ఫ్యాక్టరీలో క్యాంటీన్ పెట్టించే వీలు 1948 ఫ్యాక్టరీల చట్టం కల్పించింది. పది, పదిహేను మంది పనిచేసే సాంచల షెడ్డుకు ఆ లెక్క ఎన్నడూ అందలేదు. మిల్లులు పోయినాక మనలో ఎక్కువ మంది చేరింది ఆ షెడ్లలోకే. ఇళ్ళ కోసం మాత్రం ఏళ్ళ తరబడి కొట్లాడి సాధించుకున్నాం. కుంభారిలో బీడీ కార్మిక స్త్రీలకు గోదుతాయి పరుళేకర్ పేరున పదివేల ఇళ్ళు వచ్చాయి. 2024 జనవరిలో రేనగర్ లో మొదటి విడత పదిహేను వేల ఇళ్ళు చేతికి వచ్చాయి. ఊరి బయట కాలనీ కనుక అక్కడి నుంచి నగరంలోని మండైకి పోయి రావాలంటే కూరగాయల పైసలు కిరాయికే పోతాయి.

దీనికి దారి లేకపోలేదు. ముంబైలో మిల్లు కార్మికులకు వండిపెట్టే ఖానావళి స్త్రీలను కూడగట్టి ప్రేమా పురవ్ 1975లో అన్నపూర్ణ మహిళా మండల్ పెట్టారు. ఆమె యూనియన్ నుంచి వచ్చిన మనిషి. వడ్డీ వ్యాపారి చేతిలో చిక్కుకున్న ఆ స్త్రీలకు బ్యాంకు అప్పు ఇప్పించారు. దయ చూపి ఒక పూట అన్నం పెట్టిన సంస్థ కాదది, పనిచేసేవాళ్ళు తమకోసం నిలబెట్టుకున్నది. మన చుట్టాలున్న ఊళ్ళలో 1999 నుంచి రైతు బజార్లు నడుస్తున్నాయి. గుర్తింపు కార్డు ఉన్న రైతు తానే తెచ్చి తానే అమ్ముతాడు, రేటు బోర్డు మీద రాసి ఉంటుంది. పెండ్లికో పేరంటానికో అటు పోయినప్పుడు సంచి నింపుకుని రానివాళ్ళు మనలో ఎవరు? ఇక్కడ మహారాష్ట్రలో కూడా 2016లో పండ్లు, కూరగాయలను మార్కెట్ యార్డు కట్టు నుంచి తప్పించారు. రైతు నేరుగా మన వాకిట్లో అమ్ముకోవచ్చు.

కనుక మా ఆలోచన ఇది. వారానికి రెండు రోజులు, పగటి పాళీ దిగాక, కాలనీలోనే అంగడి. దక్షిణ సోలాపూర్, మోహోల్, అక్కల్‌కోట్ తాలూకాల రైతు గుంపులు పొద్దున కోసింది సాయంత్రం తేవాలి. నడిపేది కాలనీ స్త్రీల కమిటీ. లాభం ఎవరికీ లేదు. కాంటా, దీపం, తాడిపత్రి ఖర్చు మాత్రమే తీసుకోవాలి. రేట్లు తెలుగులో, మరాఠీలో బోర్డు మీద రాయాలి. గల్లీల్లో గంప పెట్టుకునే అమ్మలకు మొదటి జాగా ఇవ్వాలి, వాళ్ళకూ అదే రేటుకు సరుకు దొరకాలి. వాళ్ళ పొట్ట కొట్టే అంగడి మాకు వద్దు.

ఒక సంగతి యజమానులు కూడా వినాలి. కూరగాయలు చవకైనాయి కనుక కూలి పెంచనక్కరలేదని రేపు ఎవరైనా అంటే ఆ మాట ఒప్పుకోము. కూలి కొట్లాట కూలి కొట్లాటే.

రైతు ఊరికే రాడు. తెచ్చిన సరుకు అమ్ముడుపోతుందన్న నమ్మకం కావాలి. 200 ఇళ్ళవాళ్ళు ఒక్కో రోజుకు 5 కిలోలు తప్పక కొంటామంటే పది క్వింటాళ్ళు అవుతుంది, ఒక టెంపో నిండుతుంది. అందుకే ముందు పేర్లు కావాలి. వచ్చే నెల కూలి పంచే రోజున ప్రతి కారఖానా ప్రతినిధి దగ్గర చీటీలు ఉంటాయి. ఇంటి నంబరు, తినే మనుషుల సంఖ్య, ఏ కూరలు కావాలో రాసి ఇవ్వండి. చీటీ ఇంట్లో ఆడవాళ్ళను అడిగి రాయండి. నీళ్ళ నల్లా, దీపం, జాగా కోసం అర్జీ రాయడానికి ఆ చీటీలే మాకు ఆధారం.