తాళపుచెవి ఎవరి దగ్గర ఉన్నది?



యౌవనస్థుల కూడికలలో ఈ మధ్య మాకు తరచుగా ఎదురవుతున్న ప్రశ్న ఒకటున్నది. "అయ్యగారూ, బ్యాంకుతో పని లేకుండా, ప్రభుత్వానికి తెలియకుండా మన డబ్బు మనమే దాచుకోవచ్చట గదా! బిట్‌కాయిన్ కొంటే ఆర్థిక స్వాతంత్ర్యము వస్తుందట, నిజమేనా?" అని అడుగుతున్నారు. పట్టణములో చదువుకొనే బిడ్డలు సెలవులకు వచ్చి ఈ మాట ఎత్తితే, పత్తి అమ్మిన డబ్బు అందులో పెట్టమంటారేమోనని తల్లిదండ్రులు హడలిపోతున్నారు. కాబట్టి ఈ నెల ఆ సంగతే వ్రాస్తున్నాము.

2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అనే పేరుతో ఎవరో ఒక పత్రము వెలువరించారు. ఆ పేరు వెనుక ఉన్న మనిషి ఎవరో నేటికీ రుజువు కాలేదు. 2009 జనవరిలో ఆ నాణెము నడకలోకి వచ్చింది. చేతితో పట్టుకొనే నాణెము కాదు, అంతా లెక్కే. బ్యాంకులో మన ఖాతా లెక్క బ్యాంకువారి చేతిలో ఉంటుంది. ఇక్కడ ఆ లెక్కల పుస్తకము లోకమంతటా వేలాది కంప్యూటర్లలో నకళ్లుగా ఉంటుంది. ఒకచోట ఎవరైనా దొంగలెక్క వ్రాస్తే మిగతావి ఒప్పుకోవు. మన పొదుపు సంఘములో లెక్కలు అందరి ముందు చదివితే, ఒక్కరు మార్చి వ్రాయాలన్నా పదిమందికి గుర్తుండదా? అలాంటిదే. మొత్తము నాణెములు 2 కోట్ల 10 లక్షలకు మించకూడదని మొదటే కట్టడి చేశారు.

ఇది రహస్యమైనదని మన పిల్లలు అనుకుంటున్నారు. నిజానికి ఆ పుస్తకము ఎవరైనా తెరచి చూడవచ్చును. పేరు ఉండదు, పొడవాటి గుర్తు ఉంటుంది, అంతే. మన దేశములో కొనబోతే దుకాణదారు పాన్ కార్డు అడుగుతాడు. 2022 ఏప్రిల్ 1 నుండి దానిమీద వచ్చే లాభానికి 30 శాతము పన్ను ఉన్నది. ఇక ప్రభుత్వానికి తెలియనిదెక్కడ?

దానిలో అసలు విశేషము తాళపుచెవి. ఆ డబ్బుకు ఒక రహస్య సంకేతము ఉంటుంది. అది ఎవరి దగ్గర ఉంటే డబ్బు వారిదే. వేల్స్ దేశములో న్యూపోర్ట్ అనే పట్టణములో ఒకాయన 2013లో తన పాత కంప్యూటరు డిస్కు పొరపాటున చెత్తలోకి పోగొట్టుకున్నాడు. ఏడు వేలకు పైగా బిట్‌కాయిన్ల తాళపుచెవి అందులోనే ఉన్నది. చెత్తదిబ్బ త్రవ్వనివ్వమని కోర్టుకు పోతే 2025 జనవరిలో అక్కడి హైకోర్టు ఆయన దావా కొట్టివేసింది. మనము ఏటీఎం పిన్ నంబరు మరచిపోతే పాసుబుక్కు పట్టుకొని బ్యాంకుకు పోయి మొర పెట్టుకుంటాము. అక్కడ మొర పెట్టుకొనుటకు మనిషే లేడు. విత్తనాల డబ్బు, ఆడపిల్ల పెండ్లికి దాచిన డబ్బు అందులో పెట్టకూడదని మా గట్టి అభిప్రాయము.

అయితే దానిని కట్టినవారు అడిగిన ప్రశ్న మంచిదే. నీ డబ్బు తాళపుచెవి ఎవరి దగ్గర ఉన్నది? అదే ప్రశ్న మన ఇంట్లో అడిగి చూద్దాము. పిన్ నంబరు సంగతి అందరికీ తెలిసినదే. డబ్బు పంపేటప్పుడే అది కొట్టాలి, మనకు డబ్బు రావడానికి ఎవరూ పిన్ అడగనక్కరలేదు. మనకు తెలియకుండా చేతిలోనుండి జారిపోతున్న తాళపుచెవులు వేరే రెండున్నవి.

ఒకటి వేలిముద్ర. ఊళ్లో బ్యాంకు మిత్ర దగ్గర ఆధార్ నంబరు చెప్పి వేలు పెడితే డబ్బు చేతికి వస్తుంది. పిన్ అక్కరలేదు. ముసలివారికి ఎంతో మేలు. కాని పిన్ పోతే మార్చుకుంటాము, వేలు మార్చుకోలేము గదా! 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను, ఇంటర్నెట్టులో పెట్టిన భూమి దస్తావేజుల మీది వేలిముద్రలు తీసి, రబ్బరు స్టాంపుల్లాగా చేసి, వేలాది సిమ్ కార్డులు తెరిపించినట్లు పోలీసులు కనుగొన్నారు. ఇక వేలు పెట్టిన తరువాత "పడలేదు, మళ్లీ పెట్టు అవ్వా" అంటే, ముందు రసీదు అడగండి. ఆధార్ యాప్‌లో వేలిముద్రకు తాళము వేసుకొనే వీలున్నది. అయితే తాళము వేసినవారు రేషను దుకాణానికి పోయేముందు దానిని తీయాలి, లేకపోతే బియ్యము దగ్గర చిక్కు వస్తుంది.

రెండవది ఫోనులోని నంబర్ల జాబితా. అది తాళపుచెవి ఏమిటి అంటారేమో. మా సంఘములో ఒక సహోదరి కూతురి ఇంటర్ ఫీజు కోసము ఫోనులో ఒక లోన్ యాప్ వేసుకున్నది. అది అడిగిన ప్రతిదానికీ "సరే" నొక్కింది. ఆరు వేలు అడిగితే ఏవేవో ఖర్చులు కోసుకొని మూడు వేల తొమ్మిది వందలు చేతికిచ్చారు. ఏడు రోజులలో ఆరు వేలూ కట్టాలన్నారు. ఆరవ రోజునే బూతులు మొదలైనవి. ఎనిమిదవ రోజున ఆమె ఫోటో మీద "దొంగ" అని వ్రాసి, ఆమె ఫోనులో పేరున్న వారందరికీ పంపారు. వియ్యపురాలికి పంపారు, కూతురి లెక్చరరుకు పంపారు, పాలకేంద్రము అబ్బాయికి పంపారు. మాకూ వచ్చింది. ఆమె భర్త లారీ మీద దూరదేశము పోయియున్నాడు, అతనికీ మొదట తెలిసినది ఆ ఫోటో ద్వారానే.

అప్పు ఇచ్చినవాడు ఇల్లు తాకట్టు అడగలేదు, బంగారము అడగలేదు. ఆమె పరువును తాకట్టు పెట్టుకున్నాడు. 2020లో హైదరాబాదులో ఇటువంటి యాప్‌ల వేధింపు భరించలేక ప్రాణాలు తీసుకున్నవారున్నారు. ఆ డిసెంబరులో పోలీసులు వారి కాల్ సెంటర్ల మీద దాడిచేసి చాలామందిని పట్టుకున్నారు. తరువాత రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరు 2న నియమములు పెట్టింది. అప్పు ఇచ్చే యాప్ మన నంబర్ల జాబితా, ఫోటోలు, కాల్ వివరములు ముట్టరాదు. డబ్బు నేరుగా ఖాతాదారుని ఖాతాలోకే రావాలి. వడ్డీ, ఖర్చులు అన్నీ కలిపి ఎంతో ముందే కాగితము మీద చూపాలి. కనుక ఏ లోన్ యాప్ అయినా "మీ కాంటాక్టులు చూడనివ్వండి" అని అడిగితే, అది నియమము తప్పినదని అక్కడే తెలుసుకోవచ్చును. "సరే" నొక్కకండి, తీసివేయండి.

"మనము తప్పు చేయనప్పుడు దాచుకొనేదేమున్నది?" అని మన పెద్దలు కొందరు అంటారు. ఈ సహోదరి ఏ తప్పు చేసింది? ఫీజు కట్టింది. కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా చేసి రిటైరైన పుట్టస్వామిగారు ఎనభై దాటిన వయసులో, 2012లో, ఆధార్ విషయమై సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకకంఠముతో, గోప్యత ప్రతి పౌరుని ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పారు. ఆ హక్కు చదువుకున్నవారికే కాదు, కూలికి పోయే తల్లికీ ఉన్నది.

ఇటువంటి ఫోటో మీ ఫోనుకు వస్తే ఏమి చేయాలి? ఇది మేము ముఖ్యముగా సంఘ పెద్దలకూ స్త్రీల సమాజము వారికీ వ్రాస్తున్నాము. ఆ ఫోటో ఇంకెవరికీ పంపకండి, ఇంట్లో పిల్లలకు కూడ చూపకండి. ఆ మనిషి ఇంటికి ఆ పూటే వెళ్లండి, ఒంటరిగా ఉండనివ్వకండి. ఫోనులో ఉన్న బెదిరింపులు చెరిపివేయకుండా, 1930 నంబరుకు ఫోను చేయించి, పోలీసు స్టేషనుకు తోడుగా పోండి. ఇంకొక యాప్‌లో అప్పు తీసి ఈ అప్పు తీర్చాలని చూస్తారు, దానిని మాత్రము తప్పక ఆపండి.

మా సహోదరి వెంట స్త్రీల సమాజమునుండి ఇద్దరు స్టేషనుకు వెళ్లారు. ఫిర్యాదు వ్రాసుకున్నారు, విచారణ ఇంకా నడుస్తున్నది. పరీక్షలు దగ్గరపడినవి గనుక కూతురు మరుసటి సోమవారమునుండే కాలేజీకి పోతున్నది.