పుదుచ్చేరి దొంగనిద్ర

రాజకీయ నాయకుల నోట ఈ కాలంలో అతి చౌకగా దొర్లే మాటల్లో ‘నటన’ ఒకటి. అధికారపక్ష నేత వరద బాధితుల ముందు కన్నీరు పెడితే ప్రతిపక్షం నటన అంటుంది. ప్రతిపక్ష నేత పొలంలో దిగి నాగలి పడితే అధికారపక్షం నాటకం అంటుంది. ఈ రెండింటివల్ల ప్రజలకు కలిగే నష్టం స్వల్పం; వేషమని చూసేవారికి తెలుసు. అసలు నష్టం కెమెరాకు చిక్కని నటనవల్ల కలుగుతుంది. దాన్ని సాగించేది వ్యక్తులు కాదు, ప్రభుత్వాలు.

తెలుగులో నటించడమంటే మొదట నాట్యం చేయడమే. రంగస్థలం మీద అది కళ. రాజు వేషధారి నిజంగా రాజు కాడని తెలిసే ప్రేక్షకుడు టికెట్టు కొంటాడు. అక్కడ మోసం లేదు. పిల్లలు ఆడుకునే ఉత్తుత్తి వంటలోనూ దోషం లేదు. అదే మాట ఇంటి గడపలోకి వస్తే అర్థం మారుతుంది. పిలిస్తే పలకని కొడుకుతో తల్లి ‘వినపడనట్టు నటించకు’ అంటుంది. అప్పు తీర్చవలసినవాడు వీధిలో ఎదురైతే చూడనట్టు వెళ్లిపోతాడు. వాడుకలో ఈ భావాన్ని మోసేది ఆ చిన్న ‘అట్టు’: విననట్టు, తెలియనట్టు, ఉన్నట్టు. దాని వెనుక సాధారణంగా ఒక బాకీ ఉంటుంది. కనుక ఎవరైనా నటిస్తున్నారా లేదా అన్నది తేల్చాలంటే వారి ముఖం చూడనక్కరలేదు. వారు ఎగవేస్తున్న బాకీ ఏమిటో అడిగితే చాలు.

ఫ్రెంచి పాలన జాడలు ఇంకా చెరగని పుదుచ్చేరిలో ఈ మాటకు ఒక దూరపు చుట్టం ఉంది. ఇంగ్లీషులో నటించడాన్ని ‘ప్రెటెండ్’ అంటారు. దానికి జోడుగా ఫ్రెంచిలో ఉన్న ‘ప్రెతాంద్ర్’కు ప్రధానార్థం నటించడం కాదు, ఒక విషయాన్ని నిజమని వాదించడం, హక్కుగా కోరడం. ఇంగ్లీషులోనూ ఒకప్పుడు ఆ అర్థం ఉండేది. సింహాసనం తనదని దావా వేసినవాణ్ణి ‘ప్రెటెండర్’ అన్నారు. నిలబెట్టుకోలేని దావా కాలక్రమంలో నటనగా దిగజారింది. పుదుచ్చేరి రాష్ట్ర హోదా కోరికకు ఇప్పుడు అదే గతి పడుతోంది.

ఆ కోరిక అన్యాయమైనది కాదు. 1954 నవంబరు 1న ఫ్రెంచివారు పాలన అప్పగించారు. 1962 ఆగస్టు 16న చట్టబద్ధమైన బదిలీ పూర్తయింది. 1963 నాటి చట్టంతో శాసనసభ వచ్చింది కాని, సంపూర్ణాధికారం రాలేదు. ప్రజలు ఎన్నుకున్న 30 మంది సభ్యుల పక్కన కేంద్రం నియమించే ముగ్గురు కూర్చుంటారు. స్థానిక మంత్రివర్గంతో సంప్రదించకుండానే కేంద్రం వారిని నియమించవచ్చునని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. లెఫ్టినెంట్ గవర్నర్ కిరణ్ బేడీకి, ముఖ్యమంత్రి వి. నారాయణస్వామికి మధ్య సాగిన పోరు దేశమంతా చూసింది. ఎన్నికైన ప్రభుత్వం ఉన్నట్టే ఉంటుంది. దస్త్రం మాత్రం లెఫ్టినెంట్ గవర్నర్ వద్ద ఆగుతుంది. ఈ పరిస్థితిని మార్చమని పుదుచ్చేరి శాసనసభ పదిసార్లకు పైగా తీర్మానించింది. 2023 మార్చిలోనూ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఢిల్లీ విననట్టే ఉంది.

ఇంతవరకు పుదుచ్చేరి బాధితురాలు. ఇక్కడి నుంచి కథ తిరగబడుతుంది. ఢిల్లీ తనకు బాకీ ఉన్న అధికారం గురించి గొంతెత్తే ఈ శాసనసభ, తాను కోసపాళయానికి బాకీ ఉన్న అధికారం గురించి ఏం చేసింది?

పట్టణంలోని కోసపాళయం లాంటి పేటలో మురుగు కాలువ పొంగినా, వీధి దీపం ఆరినా వెళ్లి తలుపు తట్టడానికి ఎన్నికైన కౌన్సిలర్ ఉండాలి. పుదుచ్చేరి ప్రాంతంలో 1968 తరువాత స్థానిక ఎన్నికలు జరిగింది 2006లో, అంటే 38 ఏళ్లకు. వాటిలో ఎన్నికైనవారి గడువు 2011లో ముగిసింది. ఆపై మళ్లీ అధికారుల పాలనే. 2006లో పదిహేడేళ్ల వయసున్న కోసపాళయం కుర్రవాడు 2009 నుంచి 2024 దాకా నాలుగు లోక్‌సభ ఎన్నికలు చూశాడు. 2011, 2016, 2021లలో శాసనసభకు ఓటు వేశాడు. తన వీధికి ప్రతినిధిని ఎన్నుకునే అవకాశం అతనికి రాలేదు. పురపాలక సంఘం భవనం ఉంది, కమిషనర్ ఉన్నారు, పన్ను రసీదు ఉంది. మండలి ఒక్కటే లేదు.

ఇందులో ఏ ఒక్క పార్టీనో వేలెత్తి చూపడం కుదరదు. 2011 నుంచి ఎన్. రంగస్వామి, ఆ తరువాత నారాయణస్వామి, 2021లో తిరిగి రంగస్వామి గద్దెనెక్కారు. 2021 అక్టోబరులో ఎన్నికలు జరుపుతామన్న ప్రకటన వెలువడి, రిజర్వేషన్ల వివాదంలో చిక్కుకుని ఆగిపోయింది. వెనుకబడిన వర్గాల వాటా తేలకుండా ఎన్నికలు ఎలా అన్నది నాయకుల సమాధానం. ఆ వాటా న్యాయమైనదే. దాన్ని లెక్కగట్టి ఖరారు చేయడానికి 2011 నుంచి వారికి కావలసినంత సమయం ఉంది. పైగా, ఆ కసరత్తు పూర్తికాలేదన్న కారణంతో గడువు ముగిసిన స్థానిక సంస్థలకు ఎన్నికలు ఆపరాదని 2022 మే నెలలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. గడువు తీరకముందే ఎన్నికలు పూర్తిచేయాలని రాజ్యాంగంలోని 243-యు అధికరణం అంటోంది. ఆ భాగం కేంద్రపాలిత ప్రాంతాలకూ వర్తిస్తుంది. తెలియక కాదు, తెలియనట్టు.

2021 ఫిబ్రవరిలో నారాయణస్వామి ప్రభుత్వం కూలి, మే దాకా రాష్ట్రపతి పాలన సాగింది. ఎన్నికైన ప్రభుత్వం లేని ఆ రెండు నెలల పైచిలుకు కాలాన్ని అసాధారణ స్థితి అంటే, ఎన్నికైన మండలి లేకుండా పదేళ్లకు పైగా గడవడాన్ని ఏమనాలి?

తెలుగువారు దీన్ని పొరుగింటి ముచ్చటగా చదవనక్కరలేదు. పుదుచ్చేరిలో భాగమైన తెలుగు యానాంకు శాసనసభలో ఒక్క సభ్యుడున్నాడు; పురపాలక సంఘంలో ఎన్నికైనవారు లేక దానిదీ కోసపాళయం గతే అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో గడువు తీరిన పంచాయతీలకు 2021 ఫిబ్రవరిలో గాని ఎన్నికలు జరగలేదు. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు దాకా సర్పంచుల కుర్చీల్లో ప్రత్యేకాధికారులు కూర్చున్నారు. కేంద్రం రాష్ట్రాల హక్కులు హరిస్తోందని ఘోషించే నాయకులే గ్రామాల హక్కుల దగ్గరకు వచ్చేసరికి ఢిల్లీ వేషం కడుతున్నారు. ఢిల్లీ రాష్ట్రానికి చేసేది అన్యాయమైతే, రాష్ట్రం ఊరికి చేసేది కూడా అన్యాయమే. కింది కౌన్సిలర్ బలపడితే తన పట్టు సడలుతుందన్న శాసనసభ్యుడి భయం, పై గవర్నర్ భయానికి భిన్నమైనది కాదు.

నిద్రపోయేవాణ్ణి లేపవచ్చు గాని నిద్ర నటించేవాణ్ణి లేపలేమని సామెత. అది ఢిల్లీకి ఎంత వర్తిస్తుందో పుదుచ్చేరికీ అంతే వర్తిస్తుంది. రాష్ట్ర హోదా దావా నటన కాదని నిరూపించుకునే మార్గం శాసనసభ చేతిలోనే ఉంది. దానికి పార్లమెంటు సవరణ అక్కరలేదు, లెఫ్టినెంట్ గవర్నర్ చలవ అక్కరలేదు. మరో హోదా తీర్మానం చేసే ముందు, మున్సిపల్ ఎన్నికలకు ఒక తేదీ చెప్పమని తన ప్రభుత్వాన్ని నిలదీస్తే చాలు. కోసపాళయం బాకీ తీర్చిన శాసనసభ ఢిల్లీ ముందు నిలబడి అడిగితే అది హక్కు. ఆ బాకీ ఎగవేస్తూ ఎన్నిసార్లు అడిగినా, వాడుక భాషలో దాన్ని నటన అనే అంటారు.