గుట్ట ఎక్కించి మళ్ళీ ప్లాట్‌ఫారం మీదే దింపుతారా?

కాచిగూడలో లోకల్ రైలెక్కితే విద్యానగర్, జామియా ఉస్మానియా, ఆ తర్వాత ఆర్ట్స్ కాలేజీ. మూడో స్టేషన్. కానీ కాచిగూడ ప్లాట్‌ఫారం మీద ఖాళీ నీళ్ళ సీసాలు ఏరుకునే పిల్లగాడికి ఆ మూడు స్టేషన్ల దూరం ఎప్పటికి తరుగుతుంది? తార్నాకలో చాయ్ తాగి, క్యాంపస్ చెట్ల కింద మీటింగులు పెట్టుకొని, రాత్రికి కాచిగూడ వచ్చి ఊరి బండెక్కే మనం ఆ పిల్లగాణ్ణి ఎన్నిసార్లు దాటుకుంటూ పోయాం? ఈ ప్రశ్న ముందు మనకు మనం వేసుకోవాలి. ఆ తర్వాతే సర్కారును అడగాలి.

ఈ మధ్య అలాంటి ఒక పిల్లవాడితో కూర్చొని మాట్లాడాం. పేరు రాయడం లేదు. పాలమూరు దిక్కు నుంచి వచ్చాడు. పన్నెండేళ్ళు ఉంటాయేమో, అతనికే సరిగ్గా తెలియదు. ఎవరో దయగలవాళ్ళు అతన్నీ, ఇంకొందరు పిల్లల్నీ మూడు రోజులు అడవిలో క్యాంపుకు తీసుకుపోయారట. గుట్టలెక్కించారు, డేరాల్లో పండబెట్టారు, మంటేసి పాటలు పాడించారు. ఏం నచ్చిందిరా అని అడిగాం. గుట్ట నచ్చిందనో, నెమళ్ళు నచ్చాయనో అంటాడనుకున్నాం. "ఆడ రాత్రిపూట ఎవ్వలు లేపలేదన్నా" అన్నాడు. తర్వాత ఏమైందిరా అంటే, "మల్ల ఈడనే దింపిపోయిండ్రు" అన్నాడు.

ఈ రెండు మాటల్లో మొత్తం సంగతి ఉంది.

మొదటి మాట చూడండి. ప్లాట్‌ఫారం మీద పిల్లలకు నిద్ర ఉండదు. లాఠీ లేపుతుంది, చలి లేపుతుంది, పెద్దపోరగాళ్ళు లేపుతారు. ఆకలినీ భయాన్నీ మర్చిపోవడానికి గుడ్డపేలికలో సొల్యూషన్ పోసుకొని పీలుస్తారు. ఆడపిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. వాళ్ళు మన కంటికి కనపడేలోపే ఎవరి చేతిలోనో పడిపోతారు. అట్లాంటి పిల్లలకు మూడు రాత్రుల నిద్ర, చెట్టు నీడ, గుట్ట మీది గాలి చిన్న సంగతి కాదు. గుట్ట ఎక్కినోడికి తన కాళ్ళ మీద తనకు నమ్మకం పుడుతుంది. 1941లో వేల్స్‌లో కుర్ట్ హాన్ మొదలుపెట్టిన ఔట్‌వర్డ్ బౌండ్ బడి ఈ నమ్మకం మీదే నడిచింది. దాన్ని చూసి ఎన్నో దేశాల్లో దిక్కులేని పిల్లలను అడవులకూ కొండలకూ తీసుకుపోతున్నారు. దీన్ని మేం వెక్కిరించడం లేదు.

కానీ ఒక మాట అడగాలి. అడవి, గుట్ట మన పిల్లలకు కొత్తా? మన తాతలకు అడవి అంటే విహారం కాదు. కట్టెల మోపు, తునికాకు కట్ట, దొర గొడ్లు. జీతమున్న పిల్లగాడు తెల్లారి లేచింది మొదలు పొద్దుగూకే దాకా గొడ్ల వెంట గుట్టల్లోనే తిరిగాడు. ఆ గాలే పీల్చాడు, ఆ వాగు నీళ్ళే తాగాడు. వాడి గాయం మానిందా? మానలేదు. ఎందుకంటే గుట్ట దిగంగనే వాడు దొర గడపకే పోవాలి. కాబట్టి ఉత్త గాలి గాయాన్ని మాన్పదు. గుట్టను ఏ హోదాలో ఎక్కుతున్నాం, దిగి ఎక్కడికి పోతున్నాం అనేదే అసలు సంగతి.

దీనికి రుజువు మన కళ్ళముందే ఉంది. 2014 మే 25న ఇద్దరు మన పిల్లలు ఎవరెస్టు ఎక్కారు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం నుంచి వచ్చిన లంబాడా బిడ్డ మాలావత్ పూర్ణ. ఖమ్మం జిల్లా దళిత బిడ్డ సాధనపల్లి ఆనంద్‌కుమార్. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. 8,848 మీటర్ల కొండ. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకుంటున్న ఈ పిల్లలకు అప్పటి కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ చొరవతో శిక్షణ దొరికింది. అది భువనగిరి రాతిగుట్ట మీద మొదలైంది. అక్కడి నుంచి డార్జిలింగ్, లడఖ్, ఆఖరుకు హిమాలయం. పూర్ణ 2022 నాటికి ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలన్నీ ఎక్కేసింది.

వాళ్ళు వీధిపిల్లలు కారు, తల్లిదండ్రులున్న పిల్లలే. అయినా వాళ్ళ కథలో నేర్చుకోవాల్సింది వరుస. ముందు కప్పు, ముందు కంచంలో బువ్వ, ముందు పుస్తకం. గుట్ట ఆ తర్వాత. దిగి వచ్చాక పండుకోవడానికి ఒక మంచం, పేరు పిలిచే ఒక తరగతి ఉన్నాయి. అందుకే ఆ కొండ వాళ్ళకు జీవితమైంది. కాచిగూడ పిల్లగాడికి మూడు రోజుల ముచ్చటే మిగిలింది.

క్యాంపు ఎట్లుండాలో కూడా మన దగ్గర చూపించినవాళ్ళున్నారు. 1990లలో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎం.వి. ఫౌండేషన్ జీతమున్న పిల్లల్ని విడిపించి బ్రిడ్జి కోర్సు శిబిరాలు పెట్టింది. ఆ పనికి శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. ఆ శిబిరాల్లో ఆటలున్నాయి, పాటలున్నాయి. అయితే ఆ క్యాంపుకు రెండు తలుపులున్నాయి. పిల్లవాడు పనిలోంచి ఒక తలుపున వస్తాడు, రెండో తలుపున బడిలోకి పోతాడు. వచ్చిన తలుపునే బయటికి పంపే క్యాంపు దయ అవుతుంది గానీ హక్కు కాదు.

హక్కు సంగతి చట్టంలో రాసి ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలను వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి. వెనకబడితే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పుట్టిన సర్టిఫికెట్ లేదని తిప్పి పంపడానికి లేదు. 2015 బాలల న్యాయచట్టం ప్రకారం దిక్కులేకుండా దొరికిన పిల్లను 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. కాగితం మీద అన్నీ బాగున్నాయి. ప్లాట్‌ఫారం మీద మాత్రం లాఠీయే చట్టం.

అందుకని మేం సర్కారును అడుగుతున్నాం. ఇల్లు లేని పిల్లలకు ఏడాది పొడుగునా తెరిచి ఉండే హాస్టళ్ళు కావాలి. సెలవులని తాళం వేస్తే తల్లీతండ్రీ ఉన్న పిల్ల ఇంటికి పోతుంది. ఎవరూ లేని పిల్ల ఏడికి పోవాలి? మళ్ళీ స్టేషనుకే గదా! గుట్టల క్యాంపులు, అడవి క్యాంపులు సరిగ్గా ఆ ఎండాకాలం సెలవుల్లో పెట్టండి. మూసీ ఒడ్డున మురుగువాసనలో పెరిగే పిల్లలకు ఆ మూసీ పుట్టిన అనంతగిరి గుట్టలు చూపించండి. సెలవులైపోంగనే హాస్టల్‌కే తీసుకురండి. దయగలవాళ్ళకూ ఇదే చెప్తున్నాం. మీ బండిలో ఎక్కించే ముందు ఎక్కడ దింపాలో ఆలోచించండి.

కార్యకర్తలారా, మన పనీ ఉంది. పిల్లలు ప్లాట్‌ఫారం మీద పుట్టరు, మన వాడల్లోంచే పోతారు. తండ్రి తాగి కొట్టిన ఇల్లు, వలసపోయి తాళమేసిన ఇల్లు, బడిలో కులం పేరుతో తిట్టిన పంతులు, వీటి నుంచి పారిపోతారు. ప్రతి వాడలో బడి మానిన పిల్లల లెక్క రాయండి. కనపడని పిల్ల కోసం ఆ రోజే అడగండి. స్టేషన్‌లో ఒంటరి పిల్ల కనపడితే 1098కి ఫోన్ చేయండి. పైసా ఖర్చు లేదు. ఫోన్ చేసి ఊరుకోవద్దు, ఆ పిల్ల ఏ హాస్టల్‌కు చేరిందో కనుక్కునేదాకా వదలొద్దు.

కాచిగూడకు దగ్గర్లోనే ఉంది ఇసామియా బజార్. 1910లో భాగ్యరెడ్డి వర్మ అక్కడ మన పిల్లలకు బడి తెరిచాడు. సర్కారు చేస్తుందని కూర్చోలేదు, అట్లాగని సర్కారును వదిలిపెట్టనూ లేదు. ఆయన నడిచిన వీధుల పక్కనే ఈరోజు మన పిల్లలు రాత్రుళ్ళు నిద్ర లేక తిరుగుతుంటే, ఆయన జయంతికి మనం వేసే దండకు విలువేముంది?

రాత్రి ఎవ్వరూ లేపని చోటు. ఆ పిల్లగాడు అడిగింది అంతే. మూడు రోజులకు కాదు, పెద్దయ్యేదాకా. ఈ పేపరు చదివి మడిచిపెట్టే ముందు మీ వాడలో ఈ రాత్రి ఏ పిల్ల ఇంట్లో లేదో ఒక్కసారి లెక్కపెట్టి చూడండి.