సానపెట్టుకోవాలా? ముందు సాన మిషన్‌ విప్పండి!

‘నైపుణ్యాలకు సానపెట్టుకోండి’... కెరియర్‌ సెమినార్లలో, కాలేజీ ఫంక్షన్లలో ఈ మాట మీరు ఎన్నిసార్లు విని ఉంటారో లెక్కే లేదు. ఇంతకీ సానపెట్టడం అంటే ఏంటో దగ్గర నుంచి ఎప్పుడైనా చూశారా? గరుకు రాయిని, నీళ్లతో తడుస్తూ తిరిగే చక్రానికి ఆనించి ఓపిగ్గా అరగదీస్తే గానీ మెరుపు రాదు. ఆ చక్రం సరిగ్గా తిరగాలంటే వెనక మోటారు, బెల్టు, షాఫ్టు, బేరింగులు, నీళ్ల పైపు అన్నీ సక్రమంగా పనిచేయాలి.

నేను ఇంజినీరింగ్‌ చదివి, ఇప్పుడు ఫోన్లు, లాప్‌టాప్‌ల గురించి బ్లాగు రాస్తుంటాను. అలాంటి నేను రాళ్ల మిషన్‌ గురించి ఎందుకు చెబుతున్నానంటే, ఉద్యోగాల వేటలో ఉన్న మీరు మరో ఆన్‌లైన్‌ సర్టిఫికెట్‌కు పెట్టే రెండు నెలల్లో ఒక పాత మిషన్‌ను మొదటి నుంచి చివరిదాకా బాగుచేస్తే ఎక్కువ లాభమని నా నమ్మకం. సర్టిఫికెట్‌ మీరు ఏం విన్నారో చెబుతుంది. తిరుగుతున్న మిషన్‌ మీరు ఏం కనిపెట్టగలరో చెబుతుంది.

రంగురాళ్లకు సానపట్టే గ్రైండర్‌ దీనికి బాగా సరిపోతుంది. ఎందుకంటే అది చిన్నది, బల్ల మీద పడుతుంది. అయినా మెకానికల్‌, ఎలక్ట్రికల్‌, మెటీరియల్స్‌ మూడు సబ్జెక్టులూ అందులో ఉన్నాయి.

విప్పే ముందు చదవండి

పాత మిషన్‌ ఇంటికి రాగానే స్విచ్‌ వేయాలని చేయి లాగుతుంది. వద్దు. ముందు ప్లగ్‌ తీసి, చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పి చూడండి. గరగరమంటే బేరింగు అరిగి ఉండొచ్చు. షాఫ్టు పైకీ కిందికీ కదులుతుంటే బేరింగో, అది కూర్చునే చోటో వదులైందన్నమాట. విప్పే ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీయండి. రెండు వైపులా చక్రాలుండే మిషన్లలో ఎడమ వైపు నట్టుకు సాధారణంగా మర తిరకాసుగా ఉంటుంది. తిరిగేటప్పుడు దానంతటదే వదులవకూడదని అలా చేస్తారు. ఇది తెలియకుండా బలం పెడితే మర పాడవుతుంది.

బేరింగు మీది నంబరు చదవడం నేర్చుకోండి. 6204 అని ఉంటే చివరి 04ను 5తో గుణించండి. షాఫ్టు పట్టే రంధ్రం 20 మిల్లీమీటర్లు. (03 అయితే మాత్రం ఈ లెక్క కుదరదు, అది 17.) నీళ్లు చిమ్మే మిషన్‌ కాబట్టి రెండు వైపులా రబ్బరు సీలున్న రకం అడగండి. సికింద్రాబాద్‌ రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో కౌంటర్‌ ముందు నిలబడి నంబరుతో సహా అడిగితే, దుకాణదారు మీతో మాట్లాడే తీరే మారిపోతుంది.

మోటారు సంగతి. స్విచ్‌ వేస్తే హూంమని మూలిగి తిరగకపోతే, సింగిల్‌ ఫేజ్‌ మోటారులో మొదట అనుమానించాల్సింది కెపాసిటర్‌ను. ప్లగ్‌ తీశాక కూడా అందులో కరెంటు నిల్వ ఉండొచ్చు. కాబట్టి తెలిసిన ఎలక్ట్రీషియన్‌ పక్కన ఉన్నప్పుడే చేయి పెట్టండి. నీళ్లూ కరెంటూ ఒకేచోట ఉండే మిషన్‌ ఇది. సరైన ఎర్తింగ్‌, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకుండా నడపకూడదు.

పుస్తకంలోని సూత్రం పని చేసేది ఇక్కడే

మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్‌. నాలుగు పోల్స్‌ మోటారు లోడు మీద నిమిషానికి దాదాపు 1440 చుట్లు తిరుగుతుంది. ఎనిమిది అంగుళాల చక్రాన్ని అదే వేగంతో తిప్పితే దాని అంచు సెకనుకు సుమారు 15 మీటర్లు పరుగెడుతుంది. పాత యజమాని ఎవరో పుల్లీ మార్చి షాఫ్టు వేగాన్ని రెట్టింపు చేశారనుకోండి. అంచు వేగం 30 దాటుతుంది. చక్రం మీద ముద్రించిన గరిష్ఠ వేగం అంతకన్నా తక్కువైతే అది పగిలి ముక్కలు మీ మీదికి రావొచ్చు. పుల్లీల వ్యాసాలు కొలిచి, చక్రం మీది అంకెతో పోల్చుకోవడం రెండు నిమిషాల పని. పరీక్షలో రెండు మార్కులకు రాసిన సూత్రం ఇక్కడ కళ్లు కాపాడుతుంది.

నా మిషన్‌ మాటే చెబుతా. రంగురాళ్ల పని మానేసిన ఒకాయన దగ్గర కొన్నాను. ఆన్‌ చేస్తే బల్లంతా ఊగేది. చూసినవాళ్లంతా ‘బేరింగులు మార్చెయ్‌’ అన్నారు. చక్రాలు తీసేసి వట్టి షాఫ్టును నడిపి చూశాను. ఊపు లేదు. అంటే తప్పు బేరింగులది కాదు. ఒక్కో చక్రం బిగించి చూస్తే ఒకదాని దగ్గర మళ్లీ ఊపు మొదలైంది. సిలికాన్‌ కార్బైడ్‌ చక్రం నీళ్లు పీల్చుకుంటుంది. ఆపేశాక కింది తొట్టిలో నీళ్లు అలాగే వదిలేస్తే అడుగు భాగం తడిసి బరువెక్కుతుంది, బ్యాలెన్స్‌ పోతుంది. దాన్ని తీసి పూర్తిగా ఆరబెట్టాను. చెక్క పిడితో సున్నితంగా తట్టి, ఖంగుమంటుందో లేదో విన్నాను. పగులున్న చక్రం మొద్దుగా మోగుతుంది, దాన్ని పారేయడమే. నాది ఖంగుమంది. మళ్లీ బిగించాక ఊపు పోయింది. బేరింగుల ఖర్చు మిగిలింది.

సాఫ్ట్‌వేర్‌లో దీన్నే డీబగ్గింగ్‌ అంటారు. ఒక్కో భాగాన్ని పక్కనపెట్టి, తప్పు ఎక్కడుందో చుట్టుముట్టడం. కంప్యూటర్‌ సైన్స్‌ వాళ్లకూ ఇది పనికొస్తుందని అందుకే అంటున్నా.

ఒక్కటి మాత్రం మరవొద్దు

అగేట్‌, జాస్పర్‌ లాంటి రాళ్లన్నీ సిలికానే. పొడిగా అరగదీస్తే కంటికి కనిపించని ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్‌ తెస్తుంది. ఒకసారి వచ్చాక నయం చేసే మందు లేదు. గుజరాత్‌లోని ఖంభాత్‌లో అగేట్‌ సానపట్టే కార్మికుల కుటుంబాలు ఈ జబ్బుతో ఎంతో నష్టపోయాయి. అందుకే నీళ్ల ఏర్పాటు బాగుచేయకుండా మిషన్‌ పూర్తయిందనుకోవద్దు. మాస్క్‌ వేసుకోండి, కానీ నీటికి అది బదులు కాదు. కింద పడిన బురదను ఎండనిచ్చి ఊడవకండి, తడిగా ఉండగానే తుడవండి. కళ్లద్దాలు తప్పనిసరి. జుట్టు, చున్నీ ముడేసుకోండి. మొదటిసారి ఆన్‌ చేసినప్పుడు చక్రానికి ఎదురుగా కాకుండా పక్కన నిలబడండి.

ఆ తర్వాతే రాయి. గోదావరి, కృష్ణా తీరాల గులకరాళ్లలో అగేట్‌ రకాలు కనిపిస్తాయి. 80 గ్రిట్‌తో ఆకారం, 220తో గీతల తొలగింపు, తర్వాత 400, 600, 1200, చివరగా తోలు మీద సీరియం ఆక్సైడ్‌తో మెరుపు. ఒక దశలో మిగిలిన గీత తర్వాతి దశలో పోదు, మెరుపు వచ్చాక ఇంకా బాగా కనిపిస్తుంది. కళ్లద్దాల లెన్సుల నుంచి చిప్‌ల తయారీకి వాడే సిలికాన్‌ వేఫర్ల దాకా, చీమకుర్తి గ్రానైట్‌ పలకలకు కూడా, ముతక నుంచి సన్నానికి దశలవారీగా వెళ్లడమే పద్ధతి.

ఉద్యోగం వస్తుందా?

నేరుగా రాదు. ఆప్టిట్యూడ్‌ పరీక్షను, కోడింగ్‌ రౌండును ఏ మిషనూ మీ తరఫున రాయదు. వాటి ప్రిపరేషన్‌ ఆపమని నేను చెప్పను. ఆ రౌండ్లు దాటి మనిషి ఎదురుగా కూర్చున్నాక మాత్రం ‘మీరు పరిష్కరించిన సమస్య ఒకటి చెప్పండి’ అనే ప్రశ్న వస్తుంది. డబ్బిచ్చి తెచ్చుకున్న ప్రాజెక్టు రెండో ప్రశ్నకే దొరికిపోతుంది. మీ చేత్తో చేసిన పనికి పదో ప్రశ్నలోనూ జవాబు ఉంటుంది. చదువయ్యాక వచ్చిన ఖాళీ గురించి అడిగితే చెప్పడానికీ ఒకటి ఉంటుంది.

అప్పు చేసి కొనొద్దు. నలుగురు స్నేహితులు కలిసి కొనండి. అదీ కుదరకపోతే మీ కాలేజీ వర్క్‌షాపులో ఓ మూల దుమ్ముపట్టిన బెంచ్‌ గ్రైండర్‌ ఉందేమో చూసి, హెచ్‌ఓడీని అడగండి. ల్యాబ్‌ అసిస్టెంట్‌ను మాత్రం గురువుగా పెట్టుకోండి. ఆయనకు తెలిసింది సిలబస్‌లో లేదు.

పని పూర్తయ్యాక ఒక్క పేజీ రాయండి. లక్షణం ఏంటి, ఏం అనుమానించారు, ఎలా పరీక్షించారు, ఏం మార్చారు, ఎంత ఖర్చయింది, ముందూ తర్వాతా కొలతలు, రెండు ఫొటోలు. దాన్ని రెజ్యూమెకు జత చేయండి. జత చేశాక, పైన రాసుకున్న ‘ప్రాబ్లమ్‌ సాల్వింగ్‌ స్కిల్స్‌’ అనే లైను కొట్టేయండి. ఇక దాని అవసరం ఉండదు.