ఇల్లంత బండి... ఇరుకు దారి!

పిల్లల్ని చూడ్డానికి అమెరికా వెళ్లారు. ‘నాన్నా, ఈసారి మోటార్‌హోమ్ అద్దెకు తీసుకుని తిరిగొద్దాం’ అన్నాడు అబ్బాయి. వంటిల్లు, పడకలు, బాత్రూమ్... అన్నీ చక్రాల మీదే. చాలా రాష్ట్రాల్లో దాన్ని నడపడానికి మామూలు కారు లైసెన్సే చాలు. చిక్కంతా అక్కడే! అలవాటేమో కారుది, చేతిలో ఉన్నదేమో ఆర్టీసీ బస్సంత బండి. అందుకే పక్కన కూర్చునే మీకూ కొన్ని సంగతులు తెలియాలి.

మొదటిది ఎత్తు. పైనుండే ఏసీతో కలిపి పెద్ద మోటార్‌హోమ్‌లు 12 నుంచి 13 అడుగులుంటాయి. నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో ఓ రైలు వంతెన ఉంది. ఒకప్పుడు దాని ఎత్తు 11 అడుగుల 8 అంగుళాలు. హెచ్చరికలున్నా దాని కిందికి దూరి, టాపు ఊడగొట్టుకున్న బండ్లు ఎన్నో. 2019లో వంతెనను 8 అంగుళాలు పైకి లేపారు. ఆ తర్వాత కూడా గుద్దుకుంటూనే ఉన్నారు! వంతెన మీద అంకె ఉంటే సరిపోదు, మన బండి అంకె కూడా తెలియాలి. దాన్ని చీటీ మీద రాసి స్టీరింగ్ దగ్గర అతికించండి. పైకప్పుకి దెబ్బ తగిలితే బీమా వర్తిస్తుందో లేదో అద్దె కాగితాల్లో ముందే చూసుకోండి.

రెండోది దారి. కార్లకోసం చేసిన జీపీఎస్‌కి మీ బండి కొలతలు తెలియవు. మోంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్కులో ‘గోయింగ్ టు ది సన్’ రోడ్డు ఉంది. దాని కొండ భాగంలోకి 21 అడుగుల పొడవు, అద్దాలతో కలిపి 8 అడుగుల వెడల్పు... వీటిలో ఏది దాటినా రానివ్వరు. అలాంటిచోట బండి కింద పెట్టి పార్కు బస్సెక్కడమే సుఖం.

మూడోది తోక. వెనక చక్రాల తర్వాత కూడా బండి బోలెడంత మిగిలి ఉంటుంది. ఎడమకి తిప్పితే ఆ తోక కుడికి ఊగుతుంది. పెట్రోలు బంకులో పంపు పక్కనుంచి బయల్దేరగానే తిప్పారో... అంతే! తిన్నగా ముందుకెళ్లి, తోక పంపుని దాటాకే తిప్పాలి.

ఇక రివర్స్. మన లారీలకు క్లీనర్ ఉన్నట్టే దీనికీ ఒకరుండాలి. ఆ పని మీరే చేయండి. దిగి వెనకా పైనా చూసి, ‘రానీ... రానీ...’ అనండి. మీరు అద్దంలో కనబడకపోతే వెంటనే ఆపేయాలని అబ్బాయికి ముందే చెప్పండి.

అప్పటికీ ఇరుక్కుంటే? మొండిగా ముందుకు పోనివ్వొద్దు. బండి ఆపి, పోలీసులను పిలిస్తే ట్రాఫిక్ నిలిపి వెనక్కి రానిస్తారు. వెనకవాళ్లు హారన్లు కొడితే కొట్టనివ్వండి... లోపల ఉన్నది మీ ఇంటిల్లిపాదీ!